మ్లినార్కా చెరువుకి రెండో వెర్షన్

మ్లినార్కా చెరువు గట్టు, పోద్‌హ్రాజ్
డిసెంబరు 4

బ్ర్నోలో ఉండే ఇంజనీరు హ్లవిన్కా గారికి, చెరువు గట్టు మీది నుంచి నమస్కారాలు.

మీరు నన్ను ఎరగరు. నేను మ్లినార్కా చెరువు గేటు చూసుకునే మనిషిని. నీళ్లు పెరిగితే గేటు దానంతట అదే లేచేలా, తగ్గితే దిగేలా మా గేటు గదిలో ఒక కంప్యూటరు పెట్టె ఉంది. అందులో నడిచేది మీ 'స్తవిద్లో' ప్రోగ్రామే, రెండో వెర్షన్. పెట్టి తొమ్మిదేళ్లవుతోంది. ఇన్నేళ్లలో మీకు ఉత్తరం ముక్క రాయలేదంటే అది బాగా పని చేస్తోందనే కదా అర్థం.

నిన్న చేపల కంపెనీ నుంచి తనిఖీ ఆయన వచ్చాడు. మీరు రెండో వెర్షన్ బాగోగులు చూడటం ఈ ఏడాదితో మానేస్తున్నారట. "దీన్ని వాడేవాళ్లెవరూ ఉన్నట్టు లేరు" అని మీరు వేసిన ప్రకటన కాగితం మీద అచ్చు తీసి మరీ తెచ్చాడు. ఎవరూ లేకపోవడమేమిటండీ, నేనున్నాను కదా. "ఈ ప్రోగ్రాముకి దిక్కెవరో పేరు రాసివ్వండి, లేకపోతే గేటుకి ముద్ర వెయ్యను, ముద్ర లేకపోతే వసంతంలో చెరువు నింపనివ్వను" అని చెప్పి, నేనిచ్చిన టీ తాగి వెళ్లిపోయాడు.

చెరువు నింపకపోతే కార్పు చేపలు లేవు. చేపలు లేకపోతే నాకూ మా అన్న విలెంకీ ఈ గట్టు మీద పని లేదు. పోనీ ముద్ర లేకుండానే నింపుదామా అంటే గట్టు కింద ఊరుంది. మొదటి ఇల్లు మా చెల్లెలిదే. నేను భయస్తురాలిని కాను, కానీ నిన్నటి నుంచి గేటు గదిలో పెట్టె చేసే చప్పుడు వింటూ కూర్చున్నాను. రోజూ చేసే చప్పుడే, నిన్నటి నుంచి దగ్గులా వినిపిస్తోంది.

దయచేసి వదిలెయ్యకండి.

ఇట్లు,
ద్రహొమీరా వొంద్రుష్కోవా

తా.క. మీ ప్రోగ్రాముతో వచ్చిన కాగితం చివర 'దీనివల్ల ఏం జరిగినా మా పూచీ లేదు' అని ఉంది. మా మేనమామ అడవిలో ఏరిన పుట్టగొడుగులు పంచిపెడుతూ ఇదే మాట అనేవాడు. ముందు ఆయన చేత తినిపించి, రెండు రోజులు చూసి, అప్పుడు మేం తినేవాళ్లం.


బ్ర్నో
డిసెంబరు 11

గౌరవనీయులైన వొంద్రుష్కోవా గారికి,

ముందుగా ఒక మాట. నేను ఇంజనీరును కాను. ఆ చదువు సగంలో మానేశాను. రెండో మాట, మీ ఉత్తరంలో 'గట్టు కింద ఊరుంది' అన్న చోట ఆగిపోయాను. కాఫీ అలాగే చల్లారిపోయింది.

స్తవిద్లో మేం కొందరం తీరిక వేళల్లో రాసుకున్న ప్రోగ్రాం. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపల ఏముందో చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. అందువల్ల ఎవరు తీసుకున్నారో మాకు తెలియదు. పాత వెర్షన్ గురించి ఎవరూ ఉత్తరం రాయకపోతే దానికి రెండే అర్థాలు. అందరికీ బాగా పని చేస్తోందని ఒకటి, ఎవరూ వాడటం లేదని ఇంకొకటి. మేం ఎప్పుడూ రెండోదే అనుకుంటాం, మాకదే సులువు. ఎవరైనా వాడుతుంటే ఏ పూలతోట వాళ్లో కాలవకి పెట్టుకున్నారేమో అనుకున్నాను. చెరువు అని కలలో కూడా అనుకోలేదు.

మా వాళ్లందరూ నాలుగో వెర్షన్‌కి వెళ్లిపోయారు. దానికి మీ పెట్టె సరిపోదు. కాబట్టి రెండోదాన్ని నేనే చూసుకుంటాను. కొత్త హంగులేమీ చేర్చను, కొత్తదాంట్లో దొరికిన లోపాలు పాతదాంట్లో కూడా ఉంటే వాటిని మాత్రం సరిచేసి, డిస్కు మీద ఎక్కించి పోస్టులో పంపుతాను. తనిఖీ ఆయనకి నా పేరు రాసివ్వండి. ఈ మాట రాయడానికి నాకు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టింది.

మా జట్టులో క్వెతోస్లావ్ అనే ఆయన ఉన్నాడు. "పోయినదానికి మందు పోస్తావేంట్రా?" అన్నాడు. నేను మీ ఊరి సంగతి చెప్పాను. ఆయన తన కుర్చీ కాస్త దూరం జరుపుకున్నాడు.

విధేయుడు,
రదొవాన్ హ్లవిన్కా

తా.క. మీ గేటు గదికి ఫోను ఉందా?

ఇంకో తా.క. దయచేసి కృతజ్ఞతలు చెప్పకండి. మా పనిలో ఎవరైనా తీయగా ఉత్తరం మొదలుపెట్టారంటే కింద ఏదో విరిగి ఉంటుంది.


మ్లినార్కా చెరువు గట్టు
డిసెంబరు 20

దేవుడు చల్లగా చూడాల్సిన ఇంజనీరు గారికి,

కృతజ్ఞతలు వద్దన్నారు కాబట్టి చెప్పడం లేదు. చేపను పంపుతున్నాను. విలెం రైల్లో స్వయంగా తెస్తాడు. ఈ ఏడు పట్టినవాటిలో మంచి కార్పు, నేనే ఏరాను. క్రిస్మస్ పండగ దాకా స్నానాల తొట్టెలో వేసి ఉంచండి, బురద వాసన పోతుంది. తర్వాత ఏం చేయాలో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక పొలుసు పర్సులో పెట్టుకోండి, ఏడాదంతా డబ్బుకి లోటుండదు.

తనిఖీ ఆయన ముద్ర వేశాడు. కాగితంలో పేరు రాసే ఖాళీలో 'ఇంజనీరు ర. హ్లవిన్కా, బ్ర్నో' అని రాశాను. ఇంజనీరు కాదని మీరు రాశారు గానీ, ఆ మాట చెప్తే ముద్ర చెరిపేస్తాడని భయమేసింది. మీరు ఎవరితోనూ అనకండి.

ఫోను ఇంట్లో ఉంది, గట్టు మీద లేదు. నేను గట్టు మీద ఉంటాను, ఇంట్లో ఉండను. పైగా నాలుగు చినుకులు పడితే చాలు ఆ తీగ తెగుతుంది. ఉత్తరమే రాయండి.

మీ ద్రహొమీరా

తా.క. చేప కరవదు. ఊరికే చూస్తుంది.


బ్ర్నో
ఏప్రిల్ 18

గౌరవనీయులైన ద్రహొమీరా గారికి,

దీంతో మూడో డిస్కు పంపుతున్నాను. ఇది ముఖ్యమైనది. నీటి కొలత రావడం ఆలస్యమైతే ప్రోగ్రాం తికమక పడే లోపం ఒకటి నాలుగో వెర్షన్‌లో దొరికింది. పాతదాంట్లోనూ అదే ఉంది. ఇన్నేళ్లు దాంతోనే మీ గేటు నడిచిందని తెలిశాక నాకు ముద్ద దిగడం లేదు. అందిన రోజే పెట్టండి. పెట్టి వెంటనే రాయండి.

చేప క్షేమం. అవును, ఇంకా తొట్టెలోనే ఉంది. పండగ రోజు కత్తి పట్టుకుని వెళ్లాను. మీరు చెప్పినట్టే చూసింది. ఆ రోజు బంగాళదుంపల సలాడ్ ఒక్కటే తిన్నాను. అప్పటి నుంచి ఎదురింటి జెలెన్కోవా గారింట్లో స్నానం చేస్తున్నాను. ఆవిడ మొదట్లో నవ్వేది, ఇప్పుడు నవ్వడం లేదు.

విధేయుడు,
రదొవాన్

తా.క. పర్సులోకి పొలుసు లేదు. బతికున్నదాన్ని అడగలేకపోయాను.


మ్లినార్కా చెరువు గట్టు
మే 6

ఇంజనీరు గారికి,

డిస్కు అందింది. అందిన రోజే పెట్టాం. విలెం నిచ్చెన పట్టుకున్నాడు, నేనే ఎక్కాను. మొదటి రెండింటి పక్కనే ఇదీ ఉంది. మూడూ బ్రహ్మాండంగా పని చేస్తున్నాయి. పోయినేడు ఇదే సమయానికి నానా అవస్థ పడ్డాం, విలెం బక్కెట్ వాయిస్తూ గట్టంతా పరిగెత్తేవాడు. ఈ ఏడు ఒక్క ఇబ్బంది లేదు. ఇంత చదువు చదివినవాళ్లకి గట్టు మీది కష్టం ఎలా తెలిసిందా అని విలెం ఆశ్చర్యపోతున్నాడు.

చేపపిల్లల్ని వదిలాం. చెరువు నిండుగా ఉంది.

మీ ద్రహొమీరా

తా.క. చేపకి రొట్టె పెట్టకండి, ఉబ్బుతుంది.


బ్ర్నో
మే 11

ద్రహొమీరా గారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ నిచ్చెన దగ్గరే ఆగాను.

నిచ్చెన ఎందుకు? పెట్టెని పైకి మార్చారా? మార్చారంటే గేటు గదిలోకి నీళ్లు వస్తున్నాయా? పోయినేడు జరిగింది ఏమిటి? బక్కెట్ వాయిస్తూ పరిగెత్తడమంటే కింది ఊరివాళ్లని లేపడానికేనా? తొమ్మిదేళ్లు బాగా పని చేసిందని డిసెంబరులో మీరే రాశారు కదా. నా దగ్గర ఏమైనా దాస్తున్నారా?

మీ వయసులో నిచ్చెనలు ఎక్కకండి. అన్ని సంగతులూ వివరంగా రాయండి.

రదొవాన్

తా.క. రొట్టె సంగతి ఆలస్యంగా తెలిసింది.


మ్లినార్కా చెరువు గట్టు
మే 29

ఇంజనీరు గారికి,

నా వయసుకేం వచ్చింది? అరవై దాటాక ఎక్కకపోతే ఇంకెప్పుడు ఎక్కుతాను?

దాచడానికేముంది, మీకు తెలియనిదా. పైనే ఉండాలి కదా, కింద పెడితే ఏం లాభం? గాలికి బాగా ఊగుతున్నాయి గానీ గట్టి తాడుతో కట్టాం. ఎండ పడితే ముచ్చటగా మెరుస్తున్నాయి. పోయినేడు వాళ్లు మంద మందలుగా వచ్చి అంతా నాశనం చేసి పోయారు. బక్కెట్ చప్పుడుని లెక్క చెయ్యలేదు. ఇప్పుడు ఒక్కడు కూడా గట్టు దరిదాపులకి రావడం లేదు.

వారం నుంచి వాన. చెరువు గోధుమ రంగుకి తిరిగింది. మా చెల్లెలు పొద్దుటే వచ్చి "అక్కా, మీ గేటు బాగానే ఉందా?" అని అడిగింది. "బ్ర్నోలో ఇంజనీరు ఉన్నాడు, నువ్వు వెళ్లి పడుకో" అన్నాను. అన్నాను గానీ నేనే మళ్లీ వెళ్లి మట్టం చూసొచ్చాను. ఇన్నేళ్లలో జూన్ రాకముందే ఇంత వాన నేను చూడలేదు.

మీ ద్రహొమీరా

తా.క. మీరు అడిగినవాటికి అన్నిటికీ జవాబు రాశానో లేదో. కళ్లజోడు గేటు గదిలో మర్చిపోయాను.


టెలిగ్రాం
జూన్ 3

వొంద్రుష్కోవా, మ్లినార్కా చెరువు గట్టు, పోద్‌హ్రాజ్

మూడో డిస్కు వెంటనే తీసెయ్యండి. ఆలోచించకండి. చాలా ప్రమాదం. ఉత్తరం వస్తోంది. హ్లవిన్కా


బ్ర్నో
జూన్ 3

ద్రహొమీరా గారూ,

టెలిగ్రాం ఇచ్చి వచ్చి ఇది రాస్తున్నాను. కోటు కూడా విప్పలేదు.

పొద్దున చేప తొట్టెలో నీళ్లు మారుస్తున్నాను. అంచు నుంచి జానెడు కిందకి ఉండాలని చూసుకుంటూ పోస్తున్నాను. నీళ్లు పెరిగేకొద్దీ జానెడు కాస్తా బెత్తెడైంది. నీళ్లు పెరుగుతున్నాయి, నేను చూస్తున్న కొలత తగ్గుతోంది. మగ్గు అక్కడే వదిలేసి పోస్టాఫీసుకి పరిగెత్తాను.

నాలుగో వెర్షన్‌లో చెరువు మట్టాన్ని పైనుంచి కొలుస్తాం, గట్టు అంచుకీ నీళ్లకీ మధ్య ఎంత ఖాళీ ఉందో అది. మీ రెండో వెర్షన్‌లో అడుగు నుంచి కొలుస్తాం. కొత్తదాంట్లో అంకె తగ్గితే వరద. పాతదాంట్లో అంకె పెరిగితే వరద. కొత్తదాంట్లోని మరమ్మతుని తెచ్చి పాతదానికి కుట్టేటప్పుడు ఈ సంగతి తిరగేయడం మర్చిపోయాను. అంటే నేను పంపిన మూడో డిస్కుతో, చెరువు నిండేకొద్దీ మీ గేటు మూసుకుంటుంది. పూర్తిగా నిండితే పూర్తిగా మూసుకుంటుంది.

పెట్టెని తాడుతో కట్టి వేలాడదీశామని రాశారు. ఎవరో మందలుగా వచ్చి నాశనం చేశారని రాశారు. నాకు అర్థం కాలేదు, అడగడానికి వ్యవధి లేదు. పెట్టె ఆపేసి గేటుని చేత్తో ఎత్తండి. ఎత్తడానికి చక్రం ఉందనుకుంటున్నాను. ఉండాలి. ఉందా? ముందు మీ చెల్లెలి ఇంట్లో వాళ్లని మిట్టకి పంపండి.

రేడియోలో మీవైపు చెరువుల గురించి చెప్తున్నారు, పేర్లు చెప్పడం లేదు. మీ ఇంటికి ఫోను చేస్తే మోగడం కూడా లేదు. చేపల కంపెనీకి చేస్తే ఎవరో ఎత్తి "అందరూ గట్ల మీదున్నారు" అని పెట్టేశారు. క్వెతోస్లావ్‌కి చెప్తే, పూచీ లేదని మన కాగితంలో ఉంది కదా అన్నాడు. ఆ వాక్యం నేను రాసిందే. ఈ రోజు దాన్ని చూస్తే మీ మేనమామ గుర్తొచ్చాడు. నేను నా పుట్టగొడుగు తినకుండానే మీకు పంపాను.

స్టేషనుకి వెళ్లాను, పట్టాలు మునిగాయని వెనక్కి పంపేశారు. రేపు మళ్లీ వెళ్తాను. మీరు క్షేమంగా ఉన్నారని ఒక్క ముక్క రాయండి. తిట్టండి, పర్వాలేదు. క్షేమమని మాత్రం రాయండి.

రదొవాన్

తా.క. ఈసారి తా.క.లో రాయడానికి ఏమీ లేదు.


మ్లినార్కా చెరువు గట్టు
జూన్ 7

నాయనా రదొవాన్,

క్షేమం. నేను క్షేమం, విలెం క్షేమం, చెల్లెలు క్షేమం. ఊరు ఉన్నచోటే ఉంది. ముందు అది రాశాను, ఇప్పుడు కూర్చుని మిగతాది చదువు.

నీ టెలిగ్రాం వచ్చేసరికి ఉరుములతో వాన కురుస్తోంది. ఆలోచించకండి అన్నావు కాబట్టి ఆలోచించలేదు. విలెం నిచ్చెన పట్టుకున్నాడు, నేను ఎక్కాను. మూడోది ఏదో వానలో తెలియక మూడూ విప్పి, ఏప్రనులో వేసుకుని దిగాను. దిగి గేటు గదిలో కూర్చుని వణికాను. డిస్కు మీదికి పిడుగు పడుతుందని ఎక్కడో చదివుంటావు, మంచివాడివి, మా కోసం టెలిగ్రాం ఖర్చు పెట్టావు అనుకున్నాం.

మర్నాడు వాన తగ్గింది. తగ్గగానే గోరింకలు దిగాయి. చెట్లు నల్లబడిపోయాయి నాయనా. గేటు గది వెనక మా చెర్రీ చెట్లన్నిటి మీదా కలిపి ఇప్పుడు ఒక గిన్నెడు పళ్లు లేవు.

మొన్న మధ్యాహ్నం నీ ఉత్తరం వచ్చింది. చదివాను. భయం తప్ప నాకేమీ అర్థం కాలేదు. విలెం రెండుసార్లు చదివి కుర్చీలో కూలబడ్డాడు. "ద్రాహా, ఆ డిస్కులు చెర్రీ చెట్లకి కాదే, పెట్టెలోకట" అన్నాడు.

పెట్టెలోకి ఎలా పెడతాం? డిస్కు పెట్టే ఆ సొరుగు పెట్టె వచ్చిన ఏడాదే చెమ్మకి బిగుసుకుపోయింది, మళ్లీ తెరుచుకోలేదు. తెరుచుకున్నా మాకో పద్ధతుంది. చేపపిల్లల్ని వదిలిన రోజు నుంచి చేపలు పట్టే రోజు దాకా గేటు యంత్రం మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. మా నాన్న కాలం నుంచీ ఈ గట్టు మీద అంతే. చేపలు పట్టాక చెరువు ఎండగట్టేస్తాం, వసంతం దాకా పెట్టె ఊరికే చప్పుడు చేస్తుంది తప్ప గేటుకి పనుండదు. మరి ఎప్పుడు పెట్టమంటావు? బ్ర్నో వాళ్లు పిట్టల్ని బెదరగొట్టడానికి పంపారనుకున్నాం. డిస్కుల పని అదేగా, కింది ఊళ్లో ప్రతి తోటలోనూ వేలాడుతున్నాయి.

కాబట్టి మా గేటు ఏమీ మూసుకోలేదు. తొమ్మిదేళ్ల కిందట ఎలా పెట్టారో అలాగే ఉంది, నీళ్లు పెరిగాయి, అది లేచింది. చెల్లెలి ఇంటి నేలమాళిగలో బంగాళదుంపలు తడిశాయి, అంతే. చేత్తో ఎత్తే చక్రం కూడా ఉంది, నూనె పెట్టి ఉంచాను.

నిన్న తనిఖీ ఆయన వచ్చాడు. మోకాళ్ల దాకా బురద. "ఇంత వానకి గేటు నిలబడిందా? మీ ప్రోగ్రాం మనిషి నమ్మకస్తుడేనా?" అన్నాడు. నీ మూడో తారీఖు ఉత్తరం చేతికిచ్చాను. నిలబడే చదివాడు. చదివి, "ఇంతగా భయపడేవాడు ఒకడున్నాడా దీనికి?" అన్నాడు. ఉన్నాడన్నాను. గేటు వైపు తిరిగి చూడనైనా చూడకుండా వచ్చే మూడేళ్లకి కలిపి ముద్ర వేసి వెళ్లాడు.

ఒక మాట చెప్తాను నాయనా. తొమ్మిదేళ్లుగా వానపడ్డ ప్రతి రోజూ ఈ గేటు గురించి భయపడేది నేనొక్కదాన్నే. విలెం కూడా నిద్రపోతాడు. మొన్నటి వానకి నీ టెలిగ్రాం ఒళ్లో పెట్టుకుని గేటు గదిలో కూర్చున్నప్పుడు, ఎక్కడో బ్ర్నోలో ఇంకొక మనిషి నాతోపాటు వణుకుతున్నాడని అనిపించింది. ఎందుకో అప్పుడు నాకు నిద్ర పట్టింది. నువ్వు పంపింది పెట్టెలోకి వెళ్లకపోతే ఏమైంది, నాకు అందాల్సింది అందింది. ఆ భయాన్ని మాత్రం వదిలెయ్యకు.

అక్టోబరులో చేపలు పడతాం. ఆ కార్పుని బక్కెట్‌లో వేసుకుని రా. వసంతం దాకా గేటు పక్క గుంటలో ఉంచి, చెరువు నింపగానే దాని చెరువులో దాన్ని వదిలేద్దాం, జెలెన్కోవా గారికి కూడా విశ్రాంతి దొరుకుతుంది.

నీ
ద్రహొమీరా అత్త

తా.క. తప్పు సరిచేసిన డిస్కు త్వరగా పంపు. వీలైతే రెండు వైపులా మెరిసేది. చెర్రీలు ఎలాగూ పోయాయి, ప్లమ్ములు ఆగస్టులో పండుతాయి.